అశ్వబలము



మన యనంతపురపు మెట్టసీమలో హెచ్.పి. యను మాట తెలియని రైతు లేడు. బోరులో దింపుటకు మోటారు కొనబోయినపుడు ఐదు హెచ్.పి.యా, ఏడున్నరయా, పదియా యని తెలిసికొనక అంగడివాడు ధర చెప్పడు. ఇంగ్లీషు చదువు రానివారు సైతము ఈ రెండక్షరములను సొంత మాటవలె వాడుకొనుచున్నారు. వాని యర్థము అశ్వబలము, అనగా గుఱ్ఱపు బలము. ఇటీవల మన పల్లెల యువకులు ఇదే మాటను మఱియొక సందర్భమున పలుకుచున్నారు. అమెరికా దేశమున నాలుగువందల గుఱ్ఱముల బలముగల కార్లు ఒకప్పుడు తయారయ్యెడివనియు, వానిని నేటికిని విప్పి, బాగుచేసి, మునుపటికంటె బలముగా కూర్చి నడుపువా రున్నారనియు, చేతిలోని ఫోనులో బొమ్మలు చూపి తాతలకు చెప్పుచున్నారు. తాతలు నవ్వి యూరకుండుచున్నారు. అట్లు నవ్వి యూరకుండుట నాకు సమ్మతము కాదు. మనుమడు చెప్పుదానిలో విద్యయు నున్నది, ప్రమాదమును ఉన్నది. ఆ రెండింటిని వేఱుచేసి చూపవలెనన్న తాతకు కొంత తెలిసియుండవలెను. అందుచేత నేటి ప్రసంగమునకు ఈ విషయమును గ్రహించితిని.

గుఱ్ఱమును కొలతగా పెట్టినవాడు జేమ్సు వాట్ అను స్కాట్లండు దేశీయుడు. 18వ శతాబ్దపు చివరి భాగమున అతడు ఆవిరి యంత్రమును బాగుచేసి అమ్మజూపెను. అప్పటివఱకు అక్కడి మరలను గుఱ్ఱములే త్రిప్పుచుండెను, మన గానుగను ఎద్దు త్రిప్పినట్లు. కాబట్టి కొనవచ్చినవాడు యంత్రపు నిగనిగలను చూడడు. ఇది యెన్ని గుఱ్ఱముల పని చేయునని యడుగును. వాట్ ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు లెక్క కట్టెను. కేంద్రమునుండి 12 అడుగుల దూరమున వలయముగా నడచు గుఱ్ఱము గంటకు 144 మారులు తిరుగుచు 180 పౌనుల బిగువుతో లాగునని గ్రహించి, వచ్చిన మొత్తమును ఇంచుక పెంచి, నిమిషమునకు 33,000 అడుగు-పౌనులని స్థిరపఱచెను. మన కొలతలో చెప్పవలెనన్న, 76 కిలోల బస్తాను ఒక్క సెకండులో ఒక మీటరు ఎత్తునకు లేపగల శక్తి ఒక అశ్వబలము. విద్యుత్తు లెక్కలో నిది 746 వాట్లు. ఆ వాట్ అను పేరును ఆ మహానుభావునిదే. సామాన్యమైన గుఱ్ఱము దినమంతయు ఇంత పని చేయజాలదని తరువాతివారు చెప్పిరి. అమ్మువాడు తన తూనికఱాయిని కొంచెము బరువుగా చేసికొన్నందున కొన్నవారికి మేలే కలిగినది. ఇట్టి వర్తకుడు అరుదు.

ఇచ్చట ఒక్క సంగతి గమనింపవలెను. ఎంత బరువు లాగినది యనునది ఒకటి, ఎంత త్వరగా లాగినది యనునది మఱియొకటి. రెండును కలిసినపుడే అశ్వబలము. మీలో డెబ్బదియేండ్లు దాటినవారికి కపిల బావి జ్ఞాపకముండును. 150 లీటర్ల నీరుపట్టు బానను 10 మీటర్ల లోతునుండి ఒక యెద్దుల జత 30 సెకండ్లలో పైకి లాగెననుకొందము. 150ని 10చేత హెచ్చించి 30చేత భాగింపగా సెకండునకు 50 వచ్చును. వాట్ చెప్పినది 76. కాబట్టి ఆ జత బలము ఒక గుఱ్ఱపు బలములో సుమారు మూడింట రెండు వంతులు. ఈ లెక్కనుబట్టి నాలుగువందల అశ్వబలముల కారనగా ఆఱువందల జతల యెద్దులను ఒకే కాడికి కట్టినట్లు. ఆ కాడి నెవడు చేయును, ఆ పగ్గముల నెవడు పట్టును అని మీకు తోచినచో, ఈ విషయమునందలి ముఖ్యప్రశ్న మీకు తోచినట్లే.

గుఱ్ఱముల బలమునకై సొమ్ము వెచ్చించుట మన సీమకు క్రొత్త గాదు. పెనుగొండ విజయనగర రాజుల కోట. 1565లో తళ్లికోట యుద్ధమున ఓడిన పిదప రాజధానియే ఇచ్చటికి తరలివచ్చెను. మన యెండయు మన గడ్డియు మేలుజాతి గుఱ్ఱముల పెంపకమునకు చాలవు. కావున ఆ రాజులు అరబ్బు, పారసీక తీరములనుండి ఓడలమీద గుఱ్ఱములను తెప్పించుకొనిరి. సాళువ నరసింహరాయలు హొర్ముజు, ఏడెను రేవులనుండి వచ్చు గుఱ్ఱములను వేయి పర్దావులకు మూడు చొప్పున కొనెననియు, దారిలో సముద్రముమీద చచ్చినదాని తోక తెచ్చి చూపినను బ్రతికి వచ్చినదానికివలెనే వెల యిచ్చెననియు, 16వ శతాబ్దమున విజయనగరమున నుండిన నూనిజ్ అను పోర్చుగీసువాడు వ్రాసిపెట్టెను. ఇది విన్నవారు రాయలకు లెక్క రాదందురు. నే నట్లనుకొనను. ఆయన కొన్నది తోకను గాదు, ఆ వర్తకుడు మఱుచటి యేట మరల ఓడ నెక్కుటకు కావలసిన ధైర్యమును. గుఱ్ఱములు పొరుగు సుల్తానుల సేనలకు పోక తన సేనకు వచ్చుటకు అదియొక్కటే దారి.

సొమ్ము పోసి కొనుచున్నపుడు లక్షణము తెలిసియుండవలెను గదా. అందుకే శాలిహోత్రుని పేర సంస్కృతమున అశ్వశాస్త్రము వెలసినది. తెనుగున మనుమంచి భట్టు హయలక్షణమును గూర్చి కావ్యమే వ్రాసెను. ఆ శాస్త్రజ్ఞులు గుఱ్ఱపు ఱొమ్ము వెడల్పు చూచి తృప్తిపడువారు కారు. డెక్కలు చూతురు, మెడ చూతురు, నడక చూతురు, కడకు సుడులను సైతము చూతురు. ఱొమ్ము బలిసి డెక్క చీలిన గుఱ్ఱము రౌతును చంపును. మోటారుబండి కూర్పు తెలిసిన నేటి మేస్త్రీ చెప్పునదియు ఇదియే. మాటలు మాత్రము వేఱు.

ఇక అమెరికా సంగతి. 1964వ సంవత్సరపు మోడలుగా పాంటియాక్ కంపెనీవారు జి.టి.ఓ. యను బండిని అమ్మకమునకు పెట్టిరి. పాంటియాక్ అనునది జనరల్ మోటార్సు అను మహాసంస్థలో నొక శాఖ. మధ్యరకపు బండ్లలో 330 ఘనపుటంగుళములకు మించిన యింజను పెట్టరాదని ఆ సంస్థ కట్టడి. జాన్ డిలోరియన్ అను యింజనీరును, ఆయన తోడివారును ఒక యుపాయము పన్నిరి. 389 ఘనపుటంగుళముల యింజనును వేఱొక మోడలుగా చూపలేదు. టెంపెస్టు అను మధ్యరకపు బండికి, కొనువాడు కోరినచో కలుపు అదనపు సరంజామాగా చూపిరి. కట్టడి అక్షరమున నిలిచినది, అర్థమున పోయినది. వ్యాకరణము చదివినవానికి ఇట్టి సాధనలు వింతగావు. ఆ మొదటి యేట 32,450 బండ్లు చెల్లిపోయినవి. ఆ యింజను బలము 325 అశ్వబలములు. ఒక కార్బురేటరునకు బదులు మూడు పెట్టినచో 348. ఇక మిగిలిన కంపెనీలు ఊరకుండునా? క్రైస్లరువారి 426 ఘనపుటంగుళముల హెమీ యింజను 425 అశ్వబలములనియు, 1970లో షెవర్లేవారి షెవెల్ బండికి పెట్టిన 454 ఘనపుటంగుళముల యింజను 450 అనియు ప్రకటింపబడినవి. 454 ఘనపుటంగుళములనగా సుమారు ఏడున్నర లీటర్లు. వీనికి మజిల్ కార్లని పేరు వచ్చినది, కండలుగల బండ్లని యర్థము.

ఈ కండ యెక్కడినుండి వచ్చును? ఇంజను పని నాలుగు పట్లలో జరుగును: పీల్చుట, అదుముట, మండించుట, వదలుట. మన కమ్మరి కొలిమి తిత్తిని మనస్సున నుంచుకొనుడు. బొగ్గెంత వేసినను గాలి చాలక మంట లేవదు. ఇంజనులోను అంతే. పెట్రోలును ఎంతయైనను పోయవచ్చును. దానికి తగినంత గాలిని లోపలికి తెచ్చుటయే కష్టము. బలము పెంచు విద్యయంతయు గాలిని ఎక్కువగా పీల్పించు విద్యయే. సిలిండరును పెద్దది చేసిన ఒక్కొక్క మారు ఎక్కువ గాలి పట్టును. వాల్వులను పెద్దవి చేసి, అవి యెక్కువసేపు తెఱచియుండునట్లు క్యాముషాఫ్టును చెక్కినచో గాలి తొందరగా లోపలికి వచ్చును. పొగ పోవు గొట్టములను వెడల్పు చేసిన లోపలి పొగ త్వరగా ఖాళీయై క్రొత్త గాలికి చోటిచ్చును.

పాత యింజనును కూర్చు మేస్త్రీ మొదట దానిని పూర్తిగా విప్పి, కడిగి, దిమ్మెలో చీలికలున్నవేమో వెదకును. తరువాత సిలిండరు లోపలి యరుగుదలను సూక్ష్మమాపకముతో కొలుచును. అరిగినదానిని అంగుళములో వెయ్యింట ముప్పది వంతులు మేర తొలిచి, దానికి సరిపోవు క్రొత్త పిస్టనులు వేయుట వాడుక. తొలిచిన గోడను అద్దమువలె నునుపు చేయరు. దానిమీద అడ్డదిడ్డముగా సన్నని గీతలు పడునట్లు సానపట్టుదురు; ఆ గీతలలో నూనె నిలిచి పిస్టను రింగులను కాపాడును. ఎనిమిది పిస్టనులును, ఎనిమిది కడ్డీలును త్రాసులో పెట్టి ఒకదానికొకటి తూగునట్లు అరుగదీయుదురు. నిమిషమునకు ఐదాఱువేల మారులు తిరుగునపుడు కొద్ది గ్రాముల తేడాయు సమ్మెట దెబ్బయై బేరింగులను కొట్టును. ఈ భాగమున నాకు ఆ మేస్త్రీలయందు గౌరవము. వేదపాఠమున స్వరము తప్పకుండ చూచుకొను గురువున కెంత యోపిక కావలెనో, వీరికి నంత యోపిక కావలెను.

అయితే ప్రతి లాభమునకును వెనుక నొక నష్టము పొంచియున్నది. క్యామును మితిమీరి చెక్కిన యింజను నెమ్మదిగా నడుచునపుడు వణకును, లాగదు. దౌడు తీయునపుడు మాత్రమే బలము చూపును. ఊరిలో వాడుకొనుటకు అది పనికిరాదు. గాలిని మఱింత బిగువుగా అదిమినచో మంట బలము పెరుగును, ఆ జి.టి.ఓ. బండిలో పదిముప్పాతిక వంతుల గాలిని ఒక్క వంతు చోటులోనికి అదిమెడివారు. కాని అంత యదిమిన మిశ్రమము మంట తన్ను చేరకమునుపే తనంత తాను ప్రేలును. ఇంజను లోపల గులకఱాళ్లు వేసినట్లు చప్పుడగును. దాని నుపేక్షించిన పిస్టను తలయే చిల్లిపడును. ఆ కాలమున దానిని ఆపుటకు పెట్రోలులో సీసము కలిపెడివారు. సీసము పసిబిడ్డల మెదడునకు విషము. మన దేశమున 2000వ సంవత్సరము నుండి సీసము కలపని పెట్రోలే అమ్ముచున్నారు. కావున పాత పద్ధతిని పుస్తకములో చదివినట్లే చేసిన నేడు పొసగదు.

మఱియొకటి వేడి. పెట్రోలులోని శక్తిలో ఇట్టి యింజనులు చక్రమునకు పంపునది మూడవ వంతునకు మించదు. మిగిలినది రేడియేటరు నీటిలోనికిని పొగగొట్టములోనికిని పోవును. బలమును రెట్టింపు చేసినవాడు వేడినికూడ రెట్టింపు చేసినాడు. మన చైత్రవైశాఖముల యెండలో, గాలియే నిప్పుగా వీచునపుడు, పాత రేడియేటరు ఆ వేడినెట్లు చల్లార్చును? దానిని మార్చవలెను. క్లచ్చును మార్చవలెను, లేకున్న పట్టు జాఱి కాలిపోవును. గేరుపెట్టెను, వెనుక ఇరుసును బలపఱుపవలెను. లేకున్న పండ్లు రాలును. చట్రము మెలిపడకుండ అడ్డకమ్ములు వేయవలెను. అన్నిటికంటె ముందు చూచుకొనవలసినవి టైర్లు, బ్రేకులు. 1964 నాటి ఆ జి.టి.ఓ.లో నాలుగు చక్రములకును ఉన్నవి సామాన్యమైన డ్రమ్ము బ్రేకులే. పరుగు గుఱ్ఱమునకు మేకకు కట్టు త్రాడు కట్టినట్లుండెను. అప్పటి పరీక్షకులే ఆ లోపమును ఎత్తిచూపిరి.

ఆ బలపు అంకెలను గూర్చియు నొక మాట. ఆ కాలపు అమెరికా కంపెనీలు ఇంజనును బండినుండి వేఱుచేసి, ఫ్యాను మొదలైన భారములను తీసివేసి, ఖాళీ గొట్టములతో పరీక్షబల్లమీద త్రిప్పి అంకెలు వ్రాసెడివి. 1972 నుండి అన్ని భారములును తగిలించి కొలుచు పద్ధతి వచ్చుటతో, అదే యింజను అంకె హఠాత్తుగా తగ్గినది. కళ్లములో తూర్పారబట్టకమునుపు చెప్పు దిగుబడికిని, తరువాత చెప్పు దిగుబడికిని గల తేడా మీకు నేను చెప్పనక్కఱలేదు. ఆ బండ్ల యుగమును ఎక్కువకాలము నిలువలేదు. 1970 నాటి గాలి శుభ్రత చట్టము పొగకు హద్దులు పెట్టినది. భీమా కంపెనీలు యువకుల బండ్లకు సొమ్ము పెంచినవి. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు అమెరికాకు చమురు ఆపుటతో పెట్రోలు బంకులముందు బారులు తీరినవి. అప్పటికి మొదలై పదియేండ్లైనను నిండలేదు. నేడు మిగిలిన బండ్లు ధనవంతుల సరదాకును, మేస్త్రీల విద్యాభ్యాసమునకును ఆధారములైనవి.

ఇంత దూరదేశపు కథ మన కెందుకని యడుగువారికి పెనుగొండ దారి చూపుదును. దక్షిణ కొరియాకు చెందిన కియా సంస్థ 2017 ఏప్రిల్ 27న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, పెనుగొండ మండలము ఎఱ్ఱమంచి గ్రామమున, 44వ జాతీయ రహదారి ప్రక్కన, సుమారు 536 ఎకరములలో కార్ల కర్మాగారమును కట్టినది. పెట్టుబడి సుమారు 110 కోట్ల అమెరికా డాలర్లు. ఏడాదికి 3 లక్షల బండ్లు చేయగల సత్తువ దానిది. 2019 ఆగస్టు 8న మొదటి సెల్టోసు బండి బయటికి వచ్చినది. 2019 డిసెంబరు 5న కర్మాగారము లాంఛనముగా ప్రారంభింపబడినది. 2023 జూలైలో పదిలక్షలవ బండి తయారైనది. 2022 ఏప్రిల్ 4 నుండి పెనుగొండ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది గాని, వానకఱవు జిల్లా హద్దులను చూచి ఆగదు. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడు మెట్టలో, వేరుసెనగ విత్తి ఆకాశము చూచు నేలలో, ఇట్టి కర్మాగారము వెలయునని నా బాల్యమున నెవ్వరైన చెప్పియుండినచో పురాణమనుకొందుము. రాయలవారు ఓడలపై గుఱ్ఱములను తెప్పించుకొన్న ఆ కొండక్రిందనే నేడు గుఱ్ఱబలము తయారై ఓడలపై బయటిదేశములకు పోవుచున్నది.

అచ్చట పనికి చేరిన నా పాత శిష్యుల బిడ్డలు కొందఱు సెలవులకు వచ్చినపుడు చెప్పు మాటలు వినుట నాకు ప్రీతి. ఇనుపరేకును అచ్చుమీద పెట్టి ఒక్క దెబ్బతో తలుపుగా వంచుట, యంత్రబాహువులు నిప్పులు చిమ్ముచు రేకులను అతుకుట, రంగుల కొట్టములో దుమ్ముకణము పడకుండ గాలిని వడగట్టుట, ఇవన్నియు వారు చేతులు త్రిప్పి చెప్పుదురు. నేను ముఖ్యముగా అడిగినది ఇంజనును గూర్చి. 2023 నుండి సెల్టోసు బండ్లలో నొక రకమునకు పెట్టుచున్న ఒకటిన్నర లీటరు పెట్రోలు ఇంజను బలము సుమారు 158 అశ్వబలములు. అమెరికావారి 389 ఘనపుటంగుళములనగా ఆఱు లీటర్లపై చిల్లర; దాని బలము, పరీక్షబల్లమీది అంకెయే, 325. లీటరునకు ఎంత యని భాగింపుడు. పాతదానికి ఏబదియొకటి, క్రొత్తదానికి నూఱు దాటును. ఇది యెట్లు సాధ్యమైనది? బయటికి పోవు పొగయే ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసున నున్న రెండవ చక్రము గాలిని బలవంతముగా లోపలికి నెట్టును. దానిని టర్బో యందురు. పారవేయు పొగచేతనే తిత్తి ఊదించుట. కమ్మరి చూచిన ముచ్చటపడును.

ఇప్పుడు, మొదట చెప్పిన ప్రమాదము మాట. కొన్ని నెలల క్రిందట మా యూరి రైతొకడు నాయొద్దకు వచ్చి, "అయ్యవారూ, మావాడు పాత జీపులో పెద్ద ఇంజను పెడతానంటాడు. రెండు లచ్చలియ్యమంటాడు. వాడు చెప్పేదాంట్లో ఎంత నిజముందో మీరే చెప్పల్ల" అనెను. నేను ఆ పిల్లవానిని పిలిపించి, బలము సంగతి యడుగలేదు. 60 కిలోమీటర్ల వేగముననున్న జీపు ఎంత దూరములో ఆగును, 120 వేగముననున్నచో ఎంత దూరములో ఆగునని యడిగితిని. రెట్టింపు దూరమున ఆగునని వాడు చెప్పెను. చాలమంది యట్లే చెప్పుదురు. నిజమునకు వేగము రెట్టింపైనపుడు బ్రేకు అణచవలసిన శక్తి నాలుగు రెట్లగును. అదే బ్రేకు, అదే టైరు ఐనచో ఆగు దూరమును నాలుగు రెట్లు. 44వ రహదారిమీద రాత్రివేళ దీపములేని ఎద్దులబండి వెనుక ఆ నాలుగు రెట్లు ఎక్కడ దొరకును? పాత జీపు చట్రమును, ఇరుసులను, బ్రేకులను దాని మొదటి యింజనుకు తగినట్లు కట్టినారు. వానిని విడిచి ఇంజనును మాత్రము పెంచుట డెక్క చూడక ఱొమ్ము చూచి గుఱ్ఱమును కొనుటయే.

చట్టమును ఇట్లే చెప్పుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగముప్రకారము, తయారుచేసినవారు మొదట నిర్ణయించి రిజిస్టరైన లక్షణములకు భిన్నముగ బండిని మార్చరాదు. ఇంజను మార్పునకు రవాణా అధికారి యనుమతి తప్పనిసరి. ఈ నియమమును సుప్రీముకోర్టు 2019 జనవరిలో గట్టిపఱచెను. అదే సంవత్సరపు సవరణ వలన, చట్టమునకు విరుద్ధముగ బండిని మార్చిన యజమానునకు ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానయో, ఆఱునెలల వఱకు కారాగారమో, రెండునో పడవచ్చును. అంతకంటె ముఖ్యమైనది, ప్రమాదము జరిగినపుడు భీమా కంపెనీ ఈ మార్పును చూపి తగవు పెట్టును. అప్పుడు పరిహారపు భారము తండ్రి మడిచెక్కమీదికి వచ్చును. ఈ మాట చెప్పగనే రైతు పిల్లవాని మొగము చూచెను. పిల్లవాడు నేల చూచెను. వానికి యంత్రములయందు నిజమైన ఆసక్తి యున్నది. దానిని చంపుట నా యభిమతము కాదు. అనంతపురమున ఐ.టి.ఐ. యున్నది, పాలిటెక్నిక్కు ఉన్నది. విప్పుటకును కూర్చుటకును ఇంజనులు అచ్చట దొరకును. వాడు చేరునో లేదో ఇంకను తెలియదు. జీపు మాత్రము పాత యింజనుతోనే తిరుగుచున్నది.

తండ్రితో వేఱుగా మాటలాడినపుడు మఱియొక సంగతి బయటపడినది. కుమారుని తప్పుపట్టిన ఆయనయే తన బోరులో ఏడున్నర మోటారు తీసి పది వేయుటకు అప్పు వెదకుచుండెను. ఈ తండ్రికొడుకుల కోరికలలో నాకు భేదము కనబడలేదు. ఇద్దఱును ఇంజనును పెంచి, ఇంజనుకు బయటనున్నదానిని మఱచుచున్నారు.

లెక్క చూడుడు. వేయి లీటర్ల నీటిని 10 మీటర్ల లోతునుండి పైకి తెచ్చుటకు ఒక్క అశ్వబలము, నష్టము లేదనుకొన్నచో, రెండు నిమిషముల పదిసెకండ్లు పనిచేసిన చాలును. అదే వేయి లీటర్లను 300 మీటర్లనుండి, అనగా సుమారు వేయి అడుగులనుండి తెచ్చుటకు అదే అశ్వబలము గంటయు ఆఱు నిమిషములు పనిచేయవలెను. పంపులోను గొట్టములోను పోవు నష్టమును కలిపిన ఇంకను హెచ్చగును. మన తాతలు కపిలతో తోడిన నీటికిని, మనము తోడు నీటికిని మధ్య ముప్పది రెట్ల తేడా యిదియే. 2004 నుండి మన రాష్ట్రమున సేద్యపు పంపులకు విద్యుత్తు ఉచితమగుటచేత ఈ తేడా మన సంచికి తగులదు. అందుచే కంటికిని కనబడదు. మోటారు బలము నీటిని పైకి లేపును గాని నీటిని పుట్టింపదు. బండలోని పగుళ్లద్వారా గంటకు ఎంత నీరు ఊరునో అంతకంటె హెచ్చుగా లాగు మోటారు కొంతసేపటికి గాలి పీల్చును. నీటిచేతనే చల్లబడవలసిన ఆ మోటారు నీరులేక కాలిపోవును. రేడియేటరు చిన్నదైన కారుకును దీనికిని ఏమి తేడా?

ఎఱ్ఱమంచి కర్మాగారమునకును నీరు బోరులనుండి రాలేదు. శ్రీశైలమునందలి కృష్ణానీటిని హంద్రీ-నీవా పథకము మెట్లుమెట్లుగా మన మెట్టకు ఎత్తిపోయుచున్నది. ఆ నీరు గొల్లపల్లి జలాశయమునకు చేరినందుననే ఆ స్థలమున కర్మాగారము సాధ్యమైనది. కారు చేయువారు ముందు నీరు చూచుకొని తరువాత యంత్రములను తెచ్చిరి. ఆ కాలువక్రింద పొలములకు ఎంత, కర్మాగారములకు ఎంత యను ప్రశ్న గ్రామసభలలో పెద్దలు అంకెలతో అడుగవలసిన ప్రశ్న. ఆ లెక్క యడుగుటకు చదువుకొన్నవారు వెనుదీయుట నాకు నచ్చదు.

నేను ఆ రైతునకు చెప్పినది మీకును చెప్పి విరమింతును. పంపు మీద నొక చిన్న రేకు బిగించియుండును. దానిమీద హెచ్.పి. యను అంకెతోపాటు హెడ్ అని వ్రాసి మీటర్లలో నొక అంకె యుండును. అది ఆ పంపు ఎంత యెత్తునకు నీటిని నెట్టగలదో చెప్పును. నిమిషమునకో సెకండునకో ఎన్ని లీటర్లను పోయునో దాని ప్రక్కన నుండును. మీ బోరు వేసిననాడు నీరు ఎన్ని యడుగులలో పడినది, నేడు ఎన్ని యడుగులలో నిలిచినది, గంటసేపు తోడిన తరువాత ఎంత దిగినది, ఈ మూడు కొలతలను ఒక కాగితముమీద వ్రాసికొని, ఆ కాగితముతో అంగడికి పొండు. అంగడివాడు అశ్వబలము చెప్పినపుడు మీరు హెడ్డు అడుగుడు. ఆ రైతు త్రాడునకు ఱాయికట్టి తన బోరు కొలిచి వచ్చెను. పది హెచ్.పి. మాట తరువాత మరల ఎత్తలేదు.